మందు లేని సూది: ఆక్యుపంక్చర్ నుంచి ఎంత ఆశించవచ్చు?

ఇంజెక్షన్‌ను మనం సూదిమందు అంటాం. సూది దారి మాత్రమేనని, నయం చేసేది దాని గుండా లోపలికి వెళ్లే మందేనని ఆ మాటే చెబుతుంది. అందుకే ఆక్యుపంక్చర్ గురించి విన్న తెలుగువారికి మొదటి సందేహం ఇక్కడే వస్తుంది. లోపలికి ఏమీ పోనప్పుడు నొప్పి ఎలా తగ్గుతుంది?

విశాఖపట్నంలో ఉదయం వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డులో నడిచేవారి మాటల్లో మోకాళ్ల ప్రస్తావన రాని రోజు ఉండదు. ఒకరు ఫిజియోథెరపీ అంటారు, మరొకరు కీలు మార్పిడి అంటారు. ఇంకొకరు "సూదులు పెట్టించుకున్నాను, హాయిగా ఉంది" అంటారు. వెంటనే పక్కవారు "అదంతా మన నమ్మకమండీ" అంటారు. ఈ చివరి ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. చిక్కు ఎక్కడంటే, వారిద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారు. "పనిచేస్తుందా?" అనే ప్రశ్నకు "దేనితో పోలిస్తే?" అనే మాట తోడైతే తప్ప ఈ వాదన తేలదు. ఈ వ్యాసం ఎక్కువ భాగం ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ముందుగా పేర్ల గందరగోళం తీర్చుకుందాం.

ఒకే బోర్డు మీద కనిపించే వేర్వేరు పద్ధతులు

ఆక్యుపంక్చర్ సూదికి మధ్యలో రంధ్రం ఉండదు. గట్టి ఉక్కుతీగలా ఉంటుంది. మందం సాధారణంగా ఒక మిల్లీమీటరులో నాలుగో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. రక్తపరీక్షకు వాడే సూది దీనికి దాదాపు మూడింతలు లావు. శరీరం మీద నిర్ణీత బిందువుల్లో ఈ సన్నని సూదులను గుచ్చి కొంతసేపు ఉంచడమే ఆక్యుపంక్చర్. అవే బిందువులను వేళ్లతో నొక్కితే అది ఆక్యుప్రెషర్. సూదులకు చిన్న విద్యుత్ పరికరం తగిలించి సన్నని ప్రవాహం పంపితే ఎలక్ట్రో ఆక్యుపంక్చర్.

మాక్సా అనేది వేరు. ఎండబెట్టి దూదిలా నూరిన ఆకును చుట్టగా చుట్టి, వెలిగించి, ఆ వేడిని చర్మానికి దగ్గరగా పట్టి చూపిస్తారు. ఆ ఆకు మనకు కొత్తదేమీ కాదు. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రాలలో మొట్టమొదట సమర్పించే మాచిపత్రి జాతికి చెందినదే. మన పల్లెల్లో వాతలు పెట్టే అలవాటుతో దీన్ని కలపకూడదు. మాక్సాలో సాధారణంగా నిప్పు చర్మాన్ని తాకదు, వెచ్చదనం మాత్రమే తగులుతుంది.

కప్పింగ్‌లో గాజు లేదా ప్లాస్టిక్ కప్పులతో చర్మాన్ని పైకి పీల్చి పట్టిస్తారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద కనిపించిన గుండ్రని ఎర్రమచ్చలు వీటివే. హిజామా పేరుతో చేసే దానిలో చర్మం మీద చిన్న గాట్లు కూడా పెడతారు కనుక శుభ్రత విషయం మరింత కీలకం. ఇక కొందరు ఫిజియోథెరపిస్టులు చేసే డ్రై నీడ్లింగ్‌లో సూది అదే, సిద్ధాంతం వేరు. వారు చైనా బిందువులను చూడరు, కండరంలో గట్టిపడిన ముడిని వెతికి అక్కడే గుచ్చుతారు.

వీటిలో డ్రై నీడ్లింగ్, హిజామా తప్ప మిగిలినవాటితో పాటు మూలికలు, ఆహార నియమాలు, మర్దన, శ్వాస వ్యాయామాలు అన్నీ కలిపి సంప్రదాయ చైనా వైద్యం అంటారు. అంటే ఆక్యుపంక్చర్ ఆ చెట్టుకు ఒక కొమ్మ. కొమ్మకు ఉన్న ఆధారాలను చెట్టంతటికీ వర్తింపజేయడం వల్లే చాలా అపోహలు పుడుతున్నాయి.

చైనా వైద్యం శరీరాన్ని చూసే తీరు

ఈ వైద్యంలో మూలపదం 'చీ'. శరీరంలో నిరంతరం ప్రవహించే జీవశక్తి అని స్థూలంగా చెప్పుకోవచ్చు. మనకు ప్రాణం, వాయువు అనే భావనలు తెలుసు కనుక దగ్గరగా అనిపిస్తుంది గానీ, రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు. చీ ప్రవహించే ప్రధాన నాళాలు పన్నెండు. శరీరం మధ్యరేఖ వెంట ముందు ఒకటి, వెనుక ఒకటి కలిపితే పద్నాలుగు. వీటి మీద 361 బిందువులు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వీటి స్థానాలను ప్రామాణికంగా ప్రచురించింది. యిన్, యాంగ్ అనే రెండు పరస్పర విరుద్ధ స్వభావాల సమతూకం తప్పినా, చీ ప్రవాహం ఎక్కడైనా ఆగినా జబ్బు వస్తుందని సిద్ధాంతం.

బిందువులను కొలిచే పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. 'సూన్' అనేది కొలమానం. ఒక సూన్ అంటే రోగి బొటనవేలి వెడల్పు. నాలుగు వేళ్లు కలిపితే మూడు సూన్లు, అంటే మన బెత్తెడు. కొలబద్ద ఎవరి ఒంటికి వారిదే. మోకాలి నొప్పికి, జీర్ణ సమస్యలకు ఎక్కువగా వాడే 'జూసాన్‌లీ' బిందువు మోకాలిచిప్ప కింద బయటివైపు గుంట నుంచి బెత్తెడు దిగువన, కాలి ఎముకకు వేలెడు పక్కగా ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ నాళాలు శవపరీక్షలో గానీ స్కానింగ్‌లో గానీ కనిపించే అవయవాలు కావు. రక్తనాళాల్లా, నరాల్లా వాటిని ఇప్పటిదాకా ఎవరూ వేరుచేసి చూపలేదు. అయితే సిద్ధాంతం ఆధునిక శరీరశాస్త్రానికి సరిపోనంత మాత్రాన సూది ప్రభావం శూన్యమని తేలదు. ప్రభావం ఉన్నంత మాత్రాన సిద్ధాంతం రుజువైనట్టూ కాదు.

ఐదు వేల ఏళ్ల వైద్యమా?

ప్రకటనల్లో ఈ సంఖ్య తరచుగా కనిపిస్తుంది. పద్ధతిని క్రమబద్ధంగా వివరించిన ప్రాచీన గ్రంథం 'పసుపు చక్రవర్తి అంతర్గత వైద్యసారం' దాదాపు రెండు వేల ఏళ్ల నాటిది. ఆ తర్వాతి చరిత్ర కూడా ఎదురులేని ప్రయాణమేమీ కాదు. 1822లో చైనా చక్రవర్తే తన ఆస్థాన వైద్య సంస్థలో ఆక్యుపంక్చర్‌ను నిషేధించాడు. 1929లో సంప్రదాయ వైద్యాన్నే తొలగించాలనే ప్రతిపాదన అక్కడి ప్రభుత్వం ముందుకు వచ్చింది. 1950లలో మావో ప్రభుత్వం వైద్యుల కొరతను ఎదుర్కొంటూ పాత పద్ధతులను ఏరి, కూర్చి, కళాశాలల్లో ప్రవేశపెట్టింది. ఈరోజు మనం చూస్తున్న 'సంప్రదాయ' చైనా వైద్యం రూపుదిద్దుకున్నది అప్పుడే.

పాశ్చాత్య దేశాల్లో మోజు మొదలైంది 1971లో. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. సూదులతోనే కోశారని చాలామంది చెప్పుకుంటారు. ఆయన స్వయంగా రాసినది వేరు. ఆపరేషన్ మామూలు మత్తుమందుతోనే జరిగింది, తర్వాత కడుపు ఉబ్బరం, నొప్పి తగ్గించడానికి సూదులు వాడారు. మన దేశంలోకి ఈ విద్య వచ్చిన దారి మరింత ఆసక్తికరం. 1938లో చైనాకు సాయంగా వెళ్లిన ఐదుగురు భారతీయ వైద్యుల్లో డాక్టర్ కోట్నిస్ పేరు మనకు తెలుసు. ఆయన 1942లో అక్కడే మరణించారు. ఆయనతో వెళ్లిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు.

మొదటి రోజు గదిలో

గాజువాకలో ఉంటున్న అరవై నాలుగేళ్ల పెద్దాయనను ఊహించుకుందాం. ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. కుడి మోకాలి గుజ్జు అరిగిందని ఎముకల వైద్యుడు చెప్పారు. వ్యాయామాలు చేస్తున్నారు, నొప్పి బిళ్లలు కడుపుకు పడటం లేదు. కూతురి బలవంతం మీద ఆక్యుపంక్చర్‌కు వెళ్లారు.

సూది కన్నా ముందు మాటలు మొదలవుతాయి. మొదటిసారి చాలాచోట్ల ముప్పావు గంట దాకా పడుతుంది. నిద్ర, ఆకలి, దాహం, చెమట, మలబద్ధకం అన్నీ అడుగుతారు. నొప్పి వానాకాలంలో ఎక్కువా, ఎండలోనా అని అడుగుతారు. చైనా వైద్యంలో చలి, గాలి, తేమ అనేవి జబ్బుకు కారణాలు. తేమ వల్ల వచ్చే నొప్పి బరువుగా, ఒకేచోట పట్టేసినట్టు ఉంటుందని వారి వర్గీకరణ. సముద్రపు గాలి, ఉక్కపోత మధ్య బతికే విశాఖవాసికి ఈ ప్రశ్న సహజంగానే తగులుతుంది.

"బాబాయిగారూ, ఒకసారి నాలుక చూపించండి," అంది సూదులు పెట్టే అమ్మాయి.

"నొప్పి మోకాలికి కదమ్మా, నాలుక ఎందుకు?"

నాలుక రంగు, పైన పేరుకున్న పూత, అంచుల మీద పళ్ల ముద్రలు చూసి లోపలి స్థితిని అంచనా వేయడం ఈ వైద్యంలో ప్రధాన పరీక్ష. తర్వాత రెండు మణికట్ల దగ్గరా మూడేసి చోట్ల నాడి చూస్తారు. ఈ రెండు పరీక్షల్లో ఒకే రోగిని చూసిన వేర్వేరు వైద్యులు తరచుగా వేర్వేరు నిర్ధారణలకు వస్తారని అధ్యయనాల్లో తేలింది. నాలుక చూసి చెప్పిన 'కిడ్నీ బలహీనత' అనే మాట విని, కిడ్నీల పనితీరును రక్తపరీక్షలో చూపే క్రియాటినిన్ పెరిగిందేమోనని బెంబేలెత్తనవసరం లేదు. అక్కడ కిడ్నీ అంటే ఒక శక్తివ్యవస్థకు పెట్టిన పేరు, స్కానింగ్‌లో కనిపించే అవయవం కాదు.

తర్వాత పడుకోబెడతారు. స్పిరిటు దూదితో తుడిచి, సీలు విప్పిన కొత్త సూదులు తీస్తారు. మోకాలికైతే ఎనిమిది నుంచి పదిహేను దాకా పెట్టవచ్చు. కొన్ని మోకాలి చుట్టూ, మరికొన్ని పాదం మీదో చేతి మీదో ఉంటాయి. చీమ కుట్టినట్టు అనిపించి పోతుంది. తర్వాత సూదిని మెల్లగా తిప్పినప్పుడు బరువు, లాగుడు, తిమ్మిరి, సలుపు కలిసిన ఒక అనుభూతి వస్తుంది. చైనా భాషలో దీన్ని 'దే చీ' అంటారు, చీ చేరిందని అర్థం. భగ్గుమనే మంట, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం మాత్రం మామూలు కాదు. అప్పుడు సూదిని సర్దుతారు లేదా తీసేస్తారు. ఇరవై నుంచి ముప్పై నిమిషాలు అలాగే ఉంచుతారు. చాలామంది నిద్రపోతారు. తీసేటప్పుడు సూదులు లెక్కపెట్టడం మంచి వైద్యుల అలవాటు.

లేచాక కొందరికి ఒళ్లు తేలికగా ఉంటుంది, కొందరికి మగతగా ఉంటుంది. ఒకటి రెండు రోజులు నొప్పి కాస్త పెరిగినట్టు అనిపించడమూ ఉంది. మొదటిసారి ఖాళీ కడుపుతో వెళ్లినవారిలో కళ్లు తిరగడం ఎక్కువ. వారానికి ఒకటి లేదా రెండు చొప్పున ఆరు నుంచి పన్నెండు సిట్టింగులు పరిశోధనల్లోనూ వాడుకలోనూ కనిపించే లెక్క. ఒక్క సిట్టింగ్‌తో పోయే దీర్ఘకాలిక నొప్పి అరుదు.

దేనితో పోలిస్తే పనిచేస్తుంది?

మాత్రను పరీక్షించడం తేలిక. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి చక్కెర బిళ్ల ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో డాక్టరుకూ రోగికీ చెప్పకుండా చూస్తారు. సూదికి చక్కెర బిళ్ల ఏది? 1998లో జర్మనీ వైద్యులు ఒక ఉపాయం చేశారు. నాటకాల్లో కత్తి పిడిలోకి దూరిపోయినట్టు, మొద్దు మొనగల సూది చర్మాన్ని తాకి తన పిడిలోకి జారిపోతుంది. రోగికి గుచ్చినట్టే ఉంటుంది. ఇలాంటిదాన్నో, తప్పుడు చోట పైపైన గుచ్చడాన్నో ఉత్తుత్తి సూది అనుకుందాం.

ఇప్పుడు మూడు గుంపులు వస్తాయి: అసలు సూది, ఉత్తుత్తి సూది, ఏ సూదీ లేని మామూలు చికిత్స. దీర్ఘకాలిక నొప్పుల మీద జరిగిన 29 నాణ్యమైన పరీక్షల్లోని దాదాపు 18 వేల మంది రోగుల వివరాలను కలిపి 2012లో ఒక అంతర్జాతీయ బృందం విశ్లేషించింది. ఫలితాన్ని అర్థమయ్యేలా చెప్పడానికి వారే ఒక లెక్క ఇచ్చారు. వంద మార్కుల కొలతలో నొప్పి మొదట 60 ఉందనుకోండి. కొన్నాళ్ల తర్వాత సూదులు లేనివారిలో అది 43కు, ఉత్తుత్తి సూదులవారిలో 35కు, అసలు సూదులవారిలో 30కి దిగవచ్చు.

ఈ లెక్కను మన పెద్దాయనకు వర్తింపజేద్దాం. ఆయన నొప్పి 60 నుంచి 30కి దిగితే, సగానికి సగం తగ్గిందని బీచ్ రోడ్డులో సంతోషంగా చెబుతారు. ఆ మాట నిజమే. కానీ ఆ 30లో 17 సూదులు లేకున్నా కాలంతో, మామూలు చికిత్సతో తగ్గేదే. మరో 8 ఉత్తుత్తి సూదితోనూ వచ్చేది: పడుకోవడం, ఒకరు శ్రద్ధగా చూడటం, తగ్గుతుందన్న ఆశ, చర్మానికి తగిలిన స్పర్శ. సరైన బిందువులో సరైన లోతున గుచ్చినందుకు దక్కింది చివరి 5. ఏ సూదీ లేనివారితో పోలిస్తే లాభం 13, ఉత్తుత్తి సూదితో పోలిస్తే 5. 'హాయిగా ఉంది' అన్నవారు మొదటి అంకెను, 'నమ్మకమే' అన్నవారు రెండో అంకెను చూస్తున్నారు. 2018లో అదే బృందం దాదాపు 21 వేల మందితో లెక్క సవరించినా చిత్రం పెద్దగా మారలేదు. ఏడాది తర్వాత కూడా ప్రయోజనంలో చాలా భాగం నిలిచిందని కనుగొంది.

2007లో జర్మనీలో 1,162 మంది నడుం నొప్పి రోగులతో చేసిన పరీక్ష ఇంకా పదునైనది. మెరుగుపడినవారు అసలు సూదులతో 47.6 శాతం, ఉత్తుత్తి సూదులతో 44.2 శాతం, మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామాలతో కూడిన ప్రామాణిక చికిత్సతో 27.4 శాతం. విమర్శకులు మొదటి రెండు అంకెలు చూసి, బిందువు ఎక్కడన్నది ముఖ్యం కానప్పుడు రెండు వేల ఏళ్ల సిద్ధాంతానికి అర్థమేమిటి అన్నారు. సమర్థకులు మూడో అంకెను చూసి, వైద్య పుస్తకం చెప్పిన చికిత్స కన్నా సూది మేలు చేసినప్పుడు రోగికి ఇంకేం కావాలి అన్నారు. రెండూ కాదనలేని వాదనలే. జర్మనీ ఆరోగ్య బీమా సంస్థలు 2007 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికీ మోకాలి అరుగుదలకూ ఆక్యుపంక్చర్ ఖర్చు ఇస్తున్నాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఉత్తుత్తి సూది నిజంగా ఉత్తుత్తిదేనా? చర్మాన్ని తాకినా, పైపైన గుచ్చినా నరాలు స్పందిస్తాయి. అలాంటప్పుడు దానితో పోల్చడం అసలు సూదిని తక్కువ చేసి చూపుతుందని సమర్థకుల అభ్యంతరం. మరోపక్క, గుచ్చే వైద్యుడికి ఏది అసలుదో ఏది కాదో తెలుసు. అతని గొంతులోని ధీమా రోగికి అందుతుంది, దానివల్ల అసలు సూది ఎక్కువ చేసి కనిపిస్తుందని విమర్శకుల అభ్యంతరం.

ఆ ధీమాకు ఎంత బలం ఉందో 2008లో అమెరికాలో టెడ్ కాప్చుక్ బృందం కొలిచింది. పేగుల ఇబ్బందితో బాధపడే 262 మందిని తీసుకున్నారు. ఎవరికీ అసలు సూది లేదు. ఊరికే పేరు రాసుకుని ఎదురుచూసినవారిలో 28 శాతానికి ఉపశమనం దొరికింది. పెద్దగా మాట్లాడకుండా ఉత్తుత్తి సూదులు పెడితే 44 శాతానికి, ఆప్యాయంగా కూర్చుని కష్టం విని, ధైర్యం చెప్పి అవే పెడితే 62 శాతానికి. మూడు నిమిషాల్లో చీటీ రాసి పంపేసే ఆసుపత్రులకు అలవాటుపడిన మనకు ఈ చివరి అంకె కళ్లు తెరిపించాలని నా ఉద్దేశం. ముప్పావు గంట వినడం కూడా చికిత్సే. దానికి సూది అవసరమా అన్నది వేరే ప్రశ్న.

నిపుణుల సంఘాలు ఎందుకు మాట మారుస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2009లో నడుం నొప్పికి ఆక్యుపంక్చర్‌ను సూచించింది. 2016లో ఉత్తుత్తి సూదితో తేడా చాలదని వద్దంది. 2021లో కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పులకు పరిశీలించవచ్చంది. 2022లో మోకాలి అరుగుదలకు వద్దంది. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగుల దాకా చెల్లిస్తోంది, మెరుగుదల ఉంటే మరో ఎనిమిదికి. వారి ముందున్న ఆధారాలు చాలావరకు ఒకటే, పోలిక దేనితో అన్నదాంట్లోనే తేడా.

నరాల భాషలో చెప్పాలంటే

మోకాలికి దెబ్బ తగిలితే చేయి దానంతట అదే వెళ్లి రుద్దుతుంది. రుద్దిన స్పర్శ వెన్నుపాములో నొప్పి సంకేతానికి అడ్డుపడుతుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. సూది విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుందన్నది ఒక వివరణ. నొప్పి తగ్గించడానికి శరీరం సొంతంగా తయారుచేసుకునే ఎండార్ఫిన్ల విడుదల రెండో వివరణ. వాటిని అడ్డుకునే నలోక్సోన్ అనే మందు ఇస్తే సూది ప్రభావం తగ్గినట్టు 1970లలోనే చూశారు. 2021లో ఎలుకల కాలిలో జూసాన్‌లీ బిందువు దగ్గర సన్నని విద్యుత్తు పంపితే ఒక ప్రత్యేక నరసమూహం ద్వారా వాపు తగ్గించే స్పందన వచ్చిందని, పొట్ట మీద పంపితే అలా రాలేదని హార్వర్డ్ శాస్త్రవేత్తలు చూపారు. అంటే చోటు ముఖ్యం కావచ్చు. కానీ అది ఎలుక.

ఏ జబ్బుకు ఎంత ఆధారం

దీర్ఘకాలిక నడుం నొప్పి, మెడ నొప్పి, మైగ్రేన్ తరచుగా రాకుండా చూడటం, ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులు: వీటికి ఆధారాలు ఫర్వాలేదు. వాంతులకు వాడే బిందువు మణికట్టు గీత నుంచి రెండు సూన్ల పైన, రెండు స్నాయువుల మధ్య ఉంటుంది. మోకాలి అరుగుదలకు ప్రయోజనం ఉంది గానీ చిన్నది. సూది అరిగిన గుజ్జును తిరిగి పెంచదు. పొగతాగడం మాన్పించడానికి, బరువు తగ్గడానికి ఆధారాలు బలహీనం.

సంతాన చికిత్సతో పాటు సూదులు అనే మాట ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది కనుక ఒక అధ్యయనం చెప్పాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఐవీఎఫ్ చేయించుకుంటున్న 848 మంది స్త్రీలతో చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. బిడ్డ పుట్టినవారు అసలు సూదులతో 18.3 శాతం, ఉత్తుత్తి సూదులతో 17.8 శాతం. తేడా లేదనే చెప్పాలి. మనసు కుదుటపడటానికి వెళ్లడం వేరు, గర్భం కోసం వెళ్లడం వేరు. ఇక మధుమేహం పోతుంది, ఇన్సులిన్ మానేయండి అనే మాట వినిపిస్తే అది చికిత్స పరిధి దాటిన మాట, ప్రాణాపాయం.

మూలికల కథ పూర్తిగా వేరు

సూదితో లోపలికి ఏమీ పోదు. మూలికలతో పోతుంది. అందుకే రెండింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు.

1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే కేంద్రానికి వెళ్లిన స్త్రీలకు మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైంది. వంద మందికి పైగా బాధితులు తేలారు. వారికి ఇచ్చిన గుళికల్లో ఉండవలసిన చైనా మూలిక స్థానంలో పేరు దగ్గరగా ఉన్న మరో మూలిక చేరింది. ఒకదాని పేరు హాన్ ఫాంగ్ జీ, మరొకదానిది గ్వాంగ్ ఫాంగ్ జీ. రెండోది అరిస్టోలోకియా జాతి మొక్క. అందులోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. మన పల్లెల్లో పాముకాటుకు వాడతారని చెప్పుకునే ఈశ్వరి వేరు మొక్కది కూడా ఇదే జాతి. ప్రకృతి నుంచి వచ్చింది కనుక హాని లేదన్న మాట చైనా మూలికకూ చెల్లదు, మనదానికీ చెల్లదు.

గుండె జబ్బుకు రక్తాన్ని పలచన చేసే వార్ఫరిన్ వాడుతున్నవారు చైనా వైద్యంలోని డాన్‌షెన్ వేరు తీసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. లేబుల్ లేని పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిసి ఉండటం చాలా దేశాల్లో బయటపడింది. అలాంటి పొడి తిన్నవారికి నొప్పి చిటికెలో తగ్గుతుంది. అనుమానించవలసింది అక్కడే.

అదే మూలికల సంప్రదాయం నుంచి 20వ శతాబ్దపు గొప్ప మందుల్లో ఒకటి కూడా వచ్చింది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ మలేరియాకు మందు వెతుకుతూ పాత గ్రంథాలన్నీ తిరగేశారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన చిట్కాలో చింగ్‌హావ్ అనే మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది. మరిగించమని లేదు. వేడికి గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. అదే ఆర్టెమిసినిన్. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ చింగ్‌హావ్ కూడా మాచిపత్రి జాతిదే. పాడేరు, అరకు కొండల్లో ప్రమాదకరమైన మలేరియా సోకినవారికి ఇచ్చే మాత్రల్లో ఉండేది దీని రూపాంతరమే. అయితే ఆ రోగుల ప్రాణం నిలిపింది పుస్తకంలోని వాక్యం ఒక్కటే కాదు. ఆ వాక్యాన్ని పరీక్షించి, సారాన్ని వేరుచేసి, మోతాదు తేల్చిన శ్రమ కూడా. మలేరియాకు ఆ ఆకుల కషాయాన్ని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈనాటికీ చెబుతోంది.

సూది వల్ల ప్రమాదం ఎంత?

జర్మనీలో 2,29,230 మంది రోగులను గమనించిన అధ్యయనం 2009లో వచ్చింది. 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. ఎక్కువగా చిన్న రక్తస్రావం లేదా కమిలిన మచ్చ, అది 6.1 శాతం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన తీవ్ర ప్రమాదం ఇద్దరికి జరిగింది. ఈ అంకెలు శిక్షణ పొందిన వైద్యులు గుచ్చినప్పటివని గుర్తుంచుకోవాలి. ఛాతీ, భుజాల మీద లోతుగా గుచ్చడం శరీరనిర్మాణం చదవనివారి చేతిలో ప్రమాదమే. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి సోకుతుంది, అలాంటి ఘటనలు జరిగాయి కూడా. రక్తాన్ని పలచన చేసే మందులు, గర్భం, పేస్‌మేకర్ ఉన్న సంగతి సూది పెట్టకముందే వైద్యుడికి తెలియాలి. పేస్‌మేకర్ ఉన్నవారికి విద్యుత్ పరికరం తగిలించరు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం సూది మొనలో లేదు, ఆలస్యంలో ఉంది. నడుం నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, కాలు చచ్చుబడినా, జ్వరమో బరువు తగ్గడమో తోడైనా, ఛాతీ పట్టేసినా, మూతి వంకరపోయినా దారి కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికే.

ఎవరు చేయవచ్చు?

ఇక్కడ చట్టం ఇంకా తేటపడలేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా పద్ధతిగా మాత్రమే, నమోదైన వైద్యులూ తగిన శిక్షణ ఉన్నవారూ చేయవచ్చంది. 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర దీనికి ప్రత్యేక చట్టాలు చేశాయి. ఆయుష్ అనే పేరు కిందకు ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి వస్తాయి, ఆక్యుపంక్చర్ విడిగా లేదు. అయితే ఐదున్నరేళ్ల ప్రకృతి వైద్య పట్టా బీఎన్‌వైఎస్‌లో ఇది పాఠ్యాంశం. అందువల్ల విశాఖలో ఒక బోర్డు వెనుక ఎంబీబీఎస్ చదివి సూది నేర్చిన వైద్యుడు, మరో బోర్డు వెనుక బీఎన్‌వైఎస్ పట్టభద్రురాలు, మూడో బోర్డు వెనుక కొద్ది వారాల శిక్షణ పత్రం ఉన్న వ్యక్తి ఉండవచ్చు. పేరు ముందు 'డాక్టర్' అన్న మాట ఈ తేడాను చెప్పదు. ఏ చదువు, ఎక్కడ నమోదు అని అడగడం అమర్యాద కాదు.

పెద్దాయన నోటుపుస్తకం

మన గాజువాక పెద్దాయన పద్ధతిగల మనిషి. కర్మాగారంలో షిఫ్టు పుస్తకం రాసిన చేయి. సూదులకు వెళ్లకముందు నాలుగు వారాల పాటు, ప్రతి ఆదివారం నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసుకున్నారు: 5, 7, 4, 8. ఎనిమిది వచ్చిన వారం భరించలేక వెళ్లారు. అందరమూ అలాగే, నొప్పి శిఖరానికి చేరినప్పుడే వెళతాం. ఆ శిఖరం నుంచి అది కొంత దానంతట అదే దిగుతుంది. ఆ దిగడం ఎవరి దగ్గరకు వెళ్లామో వారి ఖాతాలో పడిపోతుంది.

ఆరు సిట్టింగుల తర్వాతి నాలుగు ఆదివారాలు: 5, 4, 5, 4. ఎనిమిది నుంచి నాలుగు, సగానికి తగ్గిందని కూతురు సంబరపడింది. ఆయన సగటు వేశారు. ముందు నాలుగు వారాల సగటు 6, తర్వాతది 4.5. తగ్గింది పావు వంతు. పక్క గడిలో ఇంకో లెక్క ఉంది: రైతుబజారు సంచితో రెండో అంతస్తు ఎక్కేటప్పుడు ఎన్నిసార్లు ఆగారన్నది. అది మూడు నుంచి ఒకటికి వచ్చింది. నొప్పి బిళ్లలు వారానికి ఐదు నుంచి రెండుకు వచ్చాయి.

ఇందులో సూది మొనది ఎంత, ముప్పావు గంట విన్న ఆ అమ్మాయిది ఎంత, మానకుండా చేస్తున్న తొడ కండరాల వ్యాయామాలది ఎంత అన్నది ఒక్క మనిషి పుస్తకం చెప్పలేదు. ఏడో సిట్టింగ్‌కు వెళ్లినప్పుడు ఆయన ఆ పేజీ ఆమె ముందు పెట్టారు. ఇంకా ఎన్ని సిట్టింగులు, వాటికయ్యే డబ్బుకు ఈ పావు వంతు సరిపోతుందా అన్నది ఇద్దరూ ఆ అంకెలు చూస్తూ మాట్లాడుకున్నారు.